స్పెయిన్ తాతగారి దారిలో మా మాస్టారు

మాస్టారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను సీతమ్మధారలో, పనిచేసే క్లినిక్కులో ఉన్నాను. ఎవరి చేతికో పట్టీ బిగించి నరం కోసం వెతుకుతున్నాను. కోటు జేబులో ఫోను మోగుతూనే ఉంది. రక్తం తీసి, దూది అద్ది, చెయ్యి మడిచి కూర్చోమని ఆయనకు చెప్పి, అప్పుడు ఎత్తాను. అవతల అప్పలరాజు బావ. మా మేనత్త కొడుకు, స్టీల్‌ప్లాంటులో చేసి రిటైరైనవాడు, నాలాగే మాస్టారి దగ్గర చదువుకున్నవాడు.

"ఏటే, పన్లో ఉన్నావేటి?" అన్నాడు. ఆ గొంతు వినగానే నాకు సగం తెలిసిపోయింది.

"సెప్పు బావా."

"మేస్టారు ఎల్పోనారే. పొద్దున్న కాఫీ తాగినారట. గ్లాసు కింద ఎట్టి గోడకి జారబడి కూసున్నారట. అమ్మగారు ఉప్మా తెచ్చీసరికి అలాగే ఉన్నారు."

కంచరపాలెం చేరేసరికి వాకిలి నిండా చెప్పులు. వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: అదృష్టవంతుడు, సుఖంగా పోయాడు, ఎవరిచేతా ఒక్కరోజు చేయించుకోలేదు. నాకు ఒళ్లు మండింది. సుఖమైన చావు అన్నది చూసేవాళ్ల మాట. ఆయన పని ఒకటి మిగిలిపోయింది. ఒక మనిషికి తాను చేసిన అన్యాయాన్ని, ఆ మనిషి చచ్చిపోయాక, ఎలాగైనా సరిచేసి పోవాలని మాస్టారు చివరి రోజులన్నీ తాపత్రయపడ్డారు. అది చెప్పకుండా ఆయన మంచి గురువు, గొప్ప వక్త అని రాసేస్తే మాస్టారికే కోపం వస్తుంది.

మాకు హైస్కూల్లో తెలుగు చెప్పారాయన. రిటైరయ్యాక ప్రతి ఆదివారం మధ్యాహ్నం రైలు పట్టాల పక్కనున్న వాళ్ల మేడమీద ఏదో ఒక పుస్తకం చదివి వినిపించేవారు. పాత విద్యార్థులం, ఆ వీధివాళ్లు, పోర్టులో డ్యూటీ దిగి భోజనం చేసి వచ్చేవాళ్లు, అందరం చాపల మీద చేరేవాళ్లం. మధ్యలో గూడ్సు బండి వెళ్తే మాట వినపడేది కాదు. ఆయన పుస్తకంలో వేలు పెట్టుకుని కళ్లు మూసుకునేవారు. బండి పోయాక, ఆగిన మాట దగ్గర్నుంచే ఎత్తుకునేవారు. "అంటే" దగ్గర ఆగితే "అంటే" నుంచే. మేం నవ్వితే, "బండి దారి బండిది, నా దారి నాది" అనేవారు.

ఉడకబెట్టిన వేరుశెనగకాయలంటే ఆయనకు ప్రాణం. ఒలిచిన గింజలు తాను తినకుండా పక్కవాళ్ల ముందు పోగుపెట్టేవారు. మేం వద్దంటే, "ఒలవడమే నాకు సరదా, తినడం మీ డ్యూటీ" అనేవారు. పుస్తకాలన్నింటికీ పాత క్యాలెండరు కాగితాల అట్టలు. వేదిక ఎక్కితే అచ్చుతప్పు లేని తెలుగు. ఇంటికొచ్చి లుంగీ కడితే మాలాగే "ఏటి, ఎలాగ" అని. ఎందుకు మాస్టారూ రెండు రకాలు అని అడిగితే, "ఇస్త్రీ సొక్కాతో పడుకుంటామేటే?" అన్నారు.

ఇక ఆయన నోరు. ఆ నోటికోసమే గోపాలపట్నం నుంచి వన్‌టౌన్ దాకా ఏ సభ జరిగినా పిలుపు వచ్చేది. ఒక్క చురక వేస్తే హాలు ఊగిపోయేది. చురక తగిలినవాళ్లు కూడా నవ్వాలి, నవ్వకపోతే మూర్ఖుల్లో జమ. నాకూ నోరెక్కువే. ఆయన దగ్గరే అబ్బిందని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు.

ఆ పుస్తకం ఆయన చేతికి రావడం కూడా విచిత్రమే. పోర్టు దగ్గర, ఓడల మీద వచ్చే నావికులు కూర్చుని చదువుకునే గది ఒకటి ఖాళీ చేశారు. అక్కడి పుస్తకాలు బస్తాల్లో పాతపేపర్ల కొట్టుకు చేరాయి. మాస్టారికి అలాంటి కొట్లు కనిపిస్తే కాలు ఆగేది కాదు. అట్టలేని ఒక ఇంగ్లీషు పుస్తకం ఏరి తెచ్చారు. ఏడెనిమిది వందల ఏళ్ల కింద స్పెయిన్ దేశంలో బతికిన ఒక యూదు గురువు రాసినదానికి అనువాదం అది. తప్పు చేసిన మనిషి వెనక్కి తిరిగి రావడం ఎలాగ, భయభక్తులతో బతకడం అంటే ఏమిటి, ఇదీ అందులో సంగతి. ఆయన పేరు మాకెవరికీ నోరు తిరగలేదు. మాస్టారు "స్పెయిన్ తాతగారు" అన్నారు, అదే ఖాయమైపోయింది. "తాతగారు ఈ వారం ఏటంటన్నారు?" అని మెట్లెక్కుతూనే అడిగేవాళ్లం.

మొదటి వారమే అప్పలరాజు బావ నసిగాడు. "మనకెందుకు మేస్టారూ ఎక్కడో యూదుల సంగతి? మనకి లేవేటి పుస్తకాలు?"

"ఉన్నాయిరా. అయ్యన్నీ నాకు కంఠతా వచ్చు. వచ్చినవి నన్నేటీ సెయ్యలేకపోనాయి. ఇదైనా ఏటైనా సేత్తాదేమో సూద్దాం."

ఆ తాతగారి భక్తి గుడికి వెళ్లి గంట కొట్టే భక్తి కాదు. నాలుక దగ్గరా, పక్కమనిషి దగ్గరా మొదలయ్యే భక్తి. మాస్టారు దాన్ని మాకు అర్థమయ్యేలా ఒక మాటలో చెప్పారు: "దేవుడితో తగువైతే ఇంట్లో కూసుని తీర్సుకోవచ్చు. మనిషితో తగువైతే సెప్పులేసుకుని బయల్దేరాల్సిందే." ఆ మాట నేను మా క్లినిక్కులో ఎంతమందికి చెప్పానో.

దేవుడి ముఖం చూడలేనివాళ్లు నాలుగు రకాలని తాతగారు ఒకచోట చెబుతాడు. అబద్ధాలవాళ్లు, ముఖస్తుతి చేసేవాళ్లు, చాడీలు చెప్పేవాళ్లు ఉన్నారు గానీ, ముందు వరస మాత్రం ఎగతాళి చేసేవాళ్లది. "కుర్చీ వేసి మరీ ముందు వరసలో కూసోబెట్టీసినాడు నన్ను" అని మాస్టారు నవ్వారు, మేమూ నవ్వాం. ఆ తర్వాతి వారం ఇంకో భాగం వచ్చింది. నలుగురిలో ఒక మనిషిని సిగ్గుపరిస్తే అతని ముఖంలో నెత్తురు ఇంకిపోతుంది, అది చంపడానికి చుట్టమే అన్న అర్థం. అది చదివి మాస్టారు ఆగిపోయారు. గూడ్సు బండి ఏదీ రాలేదు. పుస్తకంలో వేలు అలాగే ఉంది. చాలాసేపు చూసి అమ్మగారు టీలు పట్టుకొచ్చేశారు.

టీ అయ్యాక మాస్టారు పుస్తకం మూసి, దాని ముందుమాటలో ఉన్న తాతగారి కథ చెప్పారు. తాతగారి పడుచు వయసులో, ఒక మహాపండితుడి పుస్తకాలంటే ఆయనకూ ఆయన గురువుకూ పడేది కాదట. చదవకూడదని గోల చేశారు. ఆ గోల పెద్దదై చివరికి ఆ పుస్తకాలు నడివీధిలో తగలబడ్డాయంటారు. కొన్నేళ్లకు అదే ఊళ్లో రాజుగారి మనుషులు ఈ యూదుల మతగ్రంథాల్నే బళ్ల కొద్దీ తెచ్చి తగలబెట్టారు. అప్పుడు తాతగారి గుండె పగిలింది. అప్పటికి ఆ పండితుడు లేడు. వాళ్లలో ఒక పద్ధతి ఉంది: అన్యాయం పొందినవాడు చనిపోతే, పదిమందిని వెంటబెట్టుకుని అతని సమాధి దగ్గరకు వెళ్లి, తప్పు పైకి ఒప్పుకోవాలి. తాతగారు అలా వెళ్తానని మొక్కుకుని బయల్దేరాడు. దారిలో ఒక ఊరివాళ్లు ఆగి మాకు చదువు చెప్పమన్నారు, ఆగాడు. ఇంకో ఊరివాళ్లు బతిమాలారు, ఆగాడు. ఆ ఆగడంలోనే పోయాడు. సమాధి దాకా చేరనేలేదు.

"మంచి పనికే ఆగినాడు గదా మేస్టారూ" అన్నాను నేను.

"మంచి పనే. అందుకే ఆగడం సులువు" అన్నారు. తర్వాత గొడుగుల సాయిబు గారి సంగతి చెప్పారు.

వన్‌టౌన్‌లో పాతపోస్టాఫీసు వైపు ఒక గొడుగుల కొట్టు ఉండేది, ఇప్పటికీ ఉంది. ఆ సాయిబు గారు గొడుగులు బాగుచేస్తూ తెలుగు పద్యాలు రాసుకునేవారు. ఎన్నో ఏళ్లకు ఒక పల్చటి పుస్తకం వేయించుకుని, ఆవిష్కరణకు మాస్టారిని ముఖ్య అతిథిగా పిలిచారు. మాస్టారు ముందురోజు పుస్తకమంతా చదివారు. సభలో నిలబడి, ఏరుకున్న కొన్ని పద్యాలు తన పద్ధతిలో రాగం తీసి వినిపించి, చివర్న అన్నారు: "సాయిబు గారికి ఒక మనవి. గొడుగు పాడైతే మీ దగ్గరకు తెస్తాం. ఈ పద్యాలు పాడైతే బాగుచేయించడానికి ఎక్కడికి తీసుకెళ్లమంటారు?"

హాలు ఊగిపోయింది. సాయిబు గారు కూడా చేతులు జోడించి నవ్వారట. "నవ్వుతున్నాడు గానీ ఆ ముఖంలో నెత్తుటి సుక్క లేదే. నాకు అక్కడే కనబడ్డాది. కనబడ్డా గాని సప్పట్లు ఇంకా అవతన్నాయి కదా, ఇటు తిరిగీసినాను" అన్నారు మాస్టారు.

కొన్నాళ్లకు బీచి రోడ్డులో మిరపకాయ బజ్జీలు కొనుక్కుంటే, ఆ పొట్లం సాయిబు గారి పుస్తకంలో కాగితం. బండివాణ్ణి అడిగితే, ఆయనే స్వయంగా తెచ్చి కట్టలన్నీ ఇచ్చేశారన్నాడు. "బజ్జీలు పడేసినారా?" అని బావ అడిగాడు. "తిన్నాను. బాగున్నాయి. అది కూడా సెప్పాలి కదా" అన్నారు మాస్టారు.

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అని మాకు బడిలో నేర్పింది ఆయనే. నేర్పిన మనిషే ఇన్నేళ్లు ఆ కొట్టున్న వీధి తప్పించుకు తిరిగారు. ఆ మర్నాడు మాత్రం చెప్పులేసుకుని వెళ్లారు. కొట్లో సాయిబు గారు లేరు. ఆయన కూతురు రజియా గొడుగు ఊచలు సరిచేస్తోంది. నాన్నగారు కిందటి వానాకాలంలో పోయారని చెప్పింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. మాస్టారు ఏమీ చెప్పకుండా, కొట్లో ఒక గొడుగు కొనుక్కుని ఇంటికొచ్చేశారు.

అప్పట్నుంచీ పదిమంది సంగతి పట్టుకున్నారు. "నాను వెళ్లాలి. సమాధి దగ్గిర సెప్పాలి. పదిమందీ మీరే." మేం సరే అన్నాం. కానీ స్పెయిన్ తాతగారి జబ్బే ఈయనకూ. ఒక వారం పాత విద్యార్థి కొడుక్కి పదో తరగతి పరీక్షలు, పాఠం చెప్పాలి. ఒక వారం ఎవరిదో పెళ్లి. ఒకసారి బావ అల్లుడికి బీ షిఫ్టు పడి పదిమందిలో ఒకరు తగ్గారు. ఆయన రక్తం ఎప్పుడూ నేనే తీసేదాన్ని, రిపోర్టులు ముందు నా కళ్లే చూసేవి. గుండె ఎలా ఉందో డాక్టరు చెప్పింది నాకు తెలుసు. ఒకరోజు సూది తీస్తూ అనేశాను: "మాస్టారూ, తాతగారు ఆ ఊళ్లో ఆగిపోయినాడని మీరే కదా సెప్పినారు. మీరు ఏ ఊళ్లో ఉన్నారిప్పుడు?" ఆయన చెయ్యి మడుచుకుని నా వైపు చూశారు. "నీకు నోరెక్కువే" అన్నారు. ఆ శుక్రవారమే వెళ్దామని కబురు చేశారు.

మగవాళ్లు తొమ్మిదిమందే తేలారు. సాయిబు గారి సమాధి ఉన్న ఖబరస్తాన్ లోపలికి ఆడవాళ్లు వెళ్లరు. పదో మనిషిని నేను. "గేటు బయటున్నా నువ్వు లెక్కలో ఉన్నావు" అన్నారు మాస్టారు. నాతోబాటు బయట రజియా నిలబడింది. సంగతి చెప్పి ఆమె ఒప్పుకున్నాకే వెళ్లాం. ఆమె కాదనలేదు, అవుననీ పెద్దగా అనలేదు. "రండి మాస్టారూ, సూపిస్తారు మావాళ్లు" అందంతే. ప్రహరీ నడుం ఎత్తే ఉంది, మాకు అన్నీ కనిపిస్తున్నాయి.

ఇప్పుడు జరిగిన తెలివితక్కువ పని చెబుతాను. మా జనానికి నలుగురు ఒకచోట నిలబడితే అది సభ. బావ చేతిలో ఒక సంచి ఉంది, అందులో శాలువా. సన్మానానికి కప్పేదే, జరీ అంచుది. అది సమాధి మీద పరచబోతే, దారి చూపించిన పెద్దాయన వద్దని మెల్లగా చెయ్యి పట్టుకున్నాడు. మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఆ సవరింపు నాకు తెలుసు. "పెద్దలకు నమస్కారం" అని మొదలుపెట్టారు.

ఎంత బాగా మాట్లాడారనీ. ఒక్క మాట తడబడలేదు. తన అహంకారం గురించి, ఒక కవి మనసు విరిచిన పాపం గురించి, వాక్కు గురించి, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపి, ఎక్కడ గొంతు దించాలో అక్కడ దించి మాట్లాడారు. వింటున్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. అయిపోగానే వెనకనుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. అలవాటు. ఇంకో ఇద్దరు అందుకుని, ఎక్కడున్నారో గుర్తొచ్చి ఆపేశారు.

మాస్టారు బయటికొచ్చారు. ముఖం తేలికపడి ఉంది. రజియా ఆయనకు దారి ఇచ్చి, మర్యాదగానే అంది: "బాగా మాట్లాడినారు మాస్టారూ. ఆరోజు కూడా ఇలాగే బాగా మాట్లాడినారంట. నాన్న సెప్పినాడు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. మాస్టారి ముఖంలో నెత్తురు ఇంకిపోవడం నేను నా కళ్లతో చూశాను. ఆటోలో కంచరపాలెం వచ్చాం. దిగేటప్పుడు బావతో, "ఆ శాలువా ఎవరికైనా సలికి కప్పీరా" అన్నారు.

ఆ తర్వాత రెండు ఆదివారాలు చదవలేదు. మూడో వారం నన్ను వెంట రమ్మని వన్‌టౌన్ వెళ్లారు. కొట్టు ముందు స్టూలు మీద కూర్చున్నారు. రజియా పని చేసుకుంటోంది. చాలాసేపటికి, లుంగీ కట్టుకున్నప్పటి తెలుగులో అడిగారు: "అమ్మా, నాన్న పద్యాలు నీకు ఏటైనా వచ్చా?"

"రావు. ఆ రోజు తర్వాత నాన్న ఇంట్లో పద్యం మాటెత్తలేదు. ఒక్క పుస్తకం కూడా ఉంచలేదు."

"నాకు కొన్ని వచ్చమ్మా."

రజియా చేతిలో ఊచ ఆగింది. మాస్టారు ఒకసారి చదివితే మరిచిపోయే మనిషి కాదు. వెక్కిరించడానికి ఏరుకున్నవే అవి, అందుకే అంత శ్రద్ధగా చదివారు. తనకిచ్చిన ప్రతిని ఆయన ఆరోజు సభలోనే వదిలేసి వచ్చారు, కట్టలన్నీ బజ్జీల బండి పాలయ్యాయి, మిగిలినవి ఈ ఎగతాళి పద్యాలే. వాటిని దాచినది ఎగతాళి చేసిన నోరు. ఆ మాట ఆయనే ఆమెకు చెప్పారు, ఏమీ కలపకుండా.

"రాసి ఇమ్మంటావా?" అన్నారు.

"కాగితం మీద వొద్దు మాస్టారూ. కాగితం ఎక్కడికి పోద్దో సూసీనాం కదా. నోటికి నేర్పండి."

అలా మొదలైంది. వారానికి ఒకసారి కొట్టు దగ్గర పాఠం. బేరం వస్తే ఆపేవారు, బేరం వెళ్లాక ఆగినచోటు నుంచే. రాగం తీయకుండా, మామూలుగా చెప్పేవారు. తప్పున్న చోట తప్పుతోనే చెప్పేవారు. తెలుగు మాస్టారికి అది మాటలా? "నాలిక దిద్దమని లాగుతాదే, పళ్లతో పట్టి ఉంచుతన్నాను" అన్నారు నాతో ఒకసారి. ఆమెకు ఒకటి స్థిరపడితే గానీ రెండోది ఇచ్చేవారు కాదు. బడిలో మాకూ అంతే, నిన్నటిది అప్పజెప్పనిదే ఇవాళ్టిది లేదు. ఫోనులో రికార్డు చేసి పెట్టనా అని నేనడిగాను. "అడిగింది ఆవిడ, వొద్దన్నదీ ఆవిడే. మనం సాటుగా దాసుకుంటే మళ్లీ పాత పనే అవుద్ది" అన్నారు. నేను ఇక ఆ మాట ఎత్తలేదు. పాఠం చెప్పేటప్పుడు నేను రోడ్డు అవతలికి వెళ్లిపోయి నిలబడేదాన్ని. అది వాళ్లిద్దరి మధ్య సంగతి అనిపించేది.

ఒకరోజు ఆయన ఆటో పిలవడానికి వెళ్లినప్పుడు రజియాను అడిగేశాను. "మాస్టారిని మాఫ్ చేసినట్టేనా?"

"నాది కాదు కదక్కా మాఫ్ చెయ్యడానికి. నాన్నది. నాకు నాన్న పద్యాలు కావాలి" అంది.

అది మాస్టారికి చెప్పాను. నొచ్చుకుంటారనుకున్నాను. "నిజమే సెప్పింది. సప్పట్ల కంటే ఈ మాట నయం" అన్నారు. ఆ చివరి రోజుల్లో ఆయన సభలకు వెళ్లడం మానేశారు. పిలవడానికి వచ్చినవాళ్లకు వేరుశెనగలు ఒలిచిపెట్టి పంపేసేవారు. చప్పట్లు కాఫీలాంటివట, తాగినకొద్దీ నిద్ర పట్టదట. ఆదివారాలు మళ్లీ మొదలయ్యాయి గానీ చదువు నెమ్మదించింది. ఆయాసం వచ్చేది. ఆగిన మాట దగ్గర్నుంచే ఎత్తుకోవడానికి ఆయనకిప్పుడు బండి అడ్డం రావాల్సిన పని లేదు, ఊపిరే అడ్డమొచ్చేది. స్పెయిన్ తాతగారి పుస్తకం ఇంకా కొంచెం మిగిలింది. మేమెవరమూ తొందరపెట్టలేదు.

చివరిసారి నేను రక్తం తీసినప్పుడు, ఇంక ఒక్క పద్యమే ఉందన్నారు. సీసపద్యం. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: సీసానికి నాలుగు పొడుగు పాదాలుంటాయి, వాటి కింద చిన్న గీతి ఒకటి రావాలి. అది లేకపోతే ఇల్లు కట్టి కప్పు వేయనట్టే. సాయిబు గారు ఆ సీసం, వానలో బడి నుంచి కూతుర్ని తీసుకురావడం గురించి రాశారట. "పాదాలు పట్టేసింది. గీతి వచ్చే వారం సెప్తాను. ముందు ఇది గట్టిపడనీ" అన్నారు. ఆ వచ్చే వారానికి ముందే, పొద్దున్న కాఫీ తాగి, గోడకు జారబడి, వెళ్లిపోయారు.

మధ్యాహ్నం మగవాళ్లు ఆయన్ని ఎత్తుకుని వీధి మలుపు తిరిగారు. డప్పులు దూరమయ్యాయి. ఆడవాళ్లం ఇల్లు కడగాలి కదా, కొంగులు దోపాం. అమ్మగారిని వెనక గదిలో కూర్చోబెట్టాం. అప్పుడు చూశాను, గుమ్మం పక్కన రజియా. ఎప్పుడొచ్చిందో తెలీదు. చెప్పులు బయట విడిచి, సల్వారు మడిచి, బకెట్టు అందుకుంది. ఎవరో నీకెందుకమ్మా అనబోతే నేను కళ్లతోనే వారించాను.

మాస్టారు పడుకున్న చోట నీళ్లు పోసి, చీపురుతో నెట్టి, ఆమె నా దగ్గరకు వచ్చింది.

"అక్కా, ఆ గీతి మీలో ఎవరికైనా వచ్చా?"

రాదన్నాను. ఆమె నమ్మలేనట్టు చూసి, వెనక గదిలోకి వెళ్లి అమ్మగారి పక్కన గొంతుక్కూర్చుంది. "అమ్మా, మాస్టారు మీతో ఎప్పుడైనా అన్నారా?"

"నాతో పద్యాలెప్పుడూ మాటాడలేదమ్మా" అన్నారు అమ్మగారు.

రజియా లేచి వచ్చి చీపురు తీసుకుంది. "నేను అందులో నాన్నని ఏదో అడుగుతాను అక్కా. చిన్నపిల్లని కదా, గొడుగు నా వైపే ఒంచి పట్టుకుంటాడు, నువ్వు తడిసిపోతన్నావు గదా నాన్నా, ఎందుకలాగ అని అడుగుతాను. నాలుగు పాదాలూ అదే. గీతిలో నాన్న జవాబు సెప్తాడంట. మాస్టారు అంతవరకే సెప్పినారు."

నాకు ఏడుపు అప్పుడు వచ్చింది. పొద్దుట్నుంచీ రానిది, చేతిలో చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఏడ్చాను. ఆమె ఏడవలేదు. మెట్టు మీద నిలబడి, నీళ్లను వీధిలోకి నెడుతూ, తనలో తాను పద్యం అందుకుంది. రాగం లేకుండా, మాస్టారు చెప్పినట్టే. నాలుగో పాదం చివరి మాట దాకా వచ్చి ఆగింది. ఎవరైనా అందిస్తారేమోనన్నట్టు మగవాళ్లు వెళ్లిన మలుపు వైపు కాసేపు చూసింది. తర్వాత మళ్లీ మొదటి పాదం నుంచి మొదలుపెట్టింది.